కరెంటు బిల్లు వెనక

ఆదివారం రాత్రి, పిల్లలు పడుకున్నాక,
కరెంటు బిల్లు బోర్లా తిప్పి
ఏడు గళ్ళు గీస్తాను.
స్కేలు పిల్లాడి సంచిలో ఉంది, ఎవరు లేస్తారు.
గీతలు వంకర పోతాయి.
వాల్పరైసోలో తిన్నగా పోయే వీధే లేదు,
నా గీతల్నేం అనాలి.

ముందు బుధవారం నింపేస్తాను,
అది పాఠం అప్పజెప్పినట్టు వచ్చేస్తుంది:
బీన్స్ గింజలు, గుమ్మడి ముక్కలు, పైన గుప్పెడు స్పగెట్టి.
పగ్గాలు కట్టిన గింజలంటాం మేం దాన్ని.
మిల్యారాయ్‌కి ఆరేళ్ళు. పగ్గాలన్నీ జుర్రుకుని
గుర్రాల్ని పళ్ళెం అంచున వరసగా నిలబెడుతుంది.
ఏమే అంటే,
అవి అలిసిపోయాయమ్మా అంటుంది.

సోమవారం మసూర్లు.
మా అమ్మ సోమవారం మసూర్లే వండేది, వాళ్ళమ్మా అంతే.
ఎందుకని ఎవరూ అడగలేదు,
అడిగే ఓపిక సోమవారానికి ఉండదు.
రెండింతలు వండి, మర్నాడు ఇన్ని బియ్యం పోసి,
తిమ్మిని బమ్మిని చేసి, కొత్త పేరు పెట్టి దించుతాను.
ఎలిసెయో మూత తియ్యకముందే పట్టేస్తాడు.
పట్టేసి, రెండోసారి వడ్డించుకుంటాడు.
పదమూడేళ్ళ ఆకలికి పేర్లతో పనిలేదు.

గురువారం గడి దగ్గర పెన్ను ఆగుతుంది.
ఆ రోజు నాకు రెండు షిఫ్టులు.
కొండ కింద టికెట్ కిటికీలో కూర్చుని
చెక్క పెట్టెల్లో మనుషుల్ని పైకి పంపిస్తుంటాను.
ఒక పెట్టె ఎక్కితే ఇంకోటి దిగాలి,
రెండిటికీ తాడు ఒకటే.
పదకొండేళ్ళుగా చూస్తూ నేర్చుకున్న లెక్క అది:
చేతిలో డబ్బాడిన వారం పొయ్యి దగ్గర నిలబడే టైముండదు,
టైమున్న వారం డబ్బుండదు.
గురువారం పిల్లలకి పక్కింటి ఎర్మిందా గుడ్లు వేసి పెడుతుంది.
శనివారం ఆమె బంగాళాదుంపల మూట నేను మోసుకొస్తాను,
నూట అరవై రెండు మెట్లు.
ఇది గడిలో రాయను.
రాస్తే అప్పులా కనిపిస్తుంది.

శుక్రవారం చేప, పక్కన ఓ ప్రశ్నార్థకం.
గాలి లేస్తే పడవలు కదలవు.
అప్పుడు ఫ్రిజ్‌లో మిగిలిన అడుగూబొడుగూ
అంతా ఉడకేసి మెదిపి, పైన ఒక గుడ్డు.
గుడ్డు ఉంటే పండగ అనుకుంటుంది చిన్నది.
నేను దిద్దను.

శనివారం సంతకి ఎత్తేసే వేళకే వెళ్ళాలి.
పుచ్చకాయలమ్మే కుర్రాడు
మెత్తబడ్డ టొమాటోలు రెండు కిలోలు, నా మొహం చూడకుండా,
సంచిలోకి వంచేస్తాడు. మర్యాద తెలిసినవాడు.

పైస్టేషన్లో పనిచేసే రొక్సానా
పోయిన వారం ఈ కాగితం చూసి నవ్వింది.
"ఒక్క వారమైనా రాసినట్టు జరిగిందా, యాస్నా?"
ఒకసారి జరిగింది. మార్చిలో.
మిగతా వారాలంటావా,
మా మెట్ల పక్కన ఇనుప కమ్మీ ఉంది చూడు,
తుప్పు పట్టి, అక్కడక్కడ ఊడి,
దానివల్ల ఒక్క మెట్టూ తగ్గదు.
రెండు చేతుల్లో సంచులున్నా సరే
మోచెయ్యి దాన్నే వెతుక్కుంటుంది.

మళ్ళీ ఆదివారం వచ్చేసరికి కోడి పులుసు.
గిన్నెకో ముక్క, గిన్నెకో దుంప, తగువు లేకుండా.
అక్కడితో గళ్ళు అయిపోయాయి.
బిల్లు ముందు వైపు రేపు చూస్తాను.

లైటార్పి పక్క మీద వాలాక గుర్తొస్తుంది.
లేచి, ఫోను వెలుగులో
మంగళవారం కింద రెండు గీతలు కొడతాను:
రాత్రికి గింజలు నానెయ్యి.
మర్చిపోతే బుధవారం కూలిపోతుంది.

ఆ రాత్రుళ్ళు వంటింట్లోంచి వినిపిస్తుంటుంది,
గిన్నె అడుగున, చీకట్లో, నీళ్ళు తాగుతూ
గింజలు సన్నగా టిక్కుమనడం.
ఈ ఇంట్లో
నేను కన్నుమూసాక కూడా పనిచేసేవి
అవే.